మంచుబొమ్మలూ, మెరూన్ స్వెటరూ

పెళ్ళయిన కొత్తలో మావారు నాకు మూడు మాటలిచ్చారు. కుట్టుమిషను కొంటానన్నారు. సొంతిల్లు కట్టిస్తానన్నారు. మంచు చూపిస్తానన్నారు. కుట్టుమిషను 1987లో వచ్చింది. ఇల్లు 2004లో వచ్చింది, బ్యాంకు అప్పుతో సహా. మంచు మాత్రం 2024 జనవరి దాకా రాలేదు. అది వచ్చిన తీరు చెబుదామని ఈ వారం పచ్చళ్ళూ పొడులూ పక్కన పెట్టాను. వంటింటి సంగతులు ఇందులోనూ ఉన్నాయి లెండి, కంగారు పడకండి.

మంచు అంటే, ధనుర్మాసంలో తెల్లవారుజామున మనం ముగ్గు పెడుతుంటే ఎదురింటి గేటు కూడా కనపడకుండా చేస్తుందే, అది కాదు. మన భాషలో అన్నిటికీ ఒకటే మాట. గడ్డిపరక మీద బొట్టూ మంచే, రోడ్డు మూసేసే పొగా మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. తెనాలిలో పుట్టి తెనాలిలోనే మెట్టినదాన్ని, నాకు మొదటి రెండే తెలుసు. మూడోది సినిమా పాటల్లో చూడటమే. హీరోయిన్ పల్చటి చీర కట్టుకుని అందులో డాన్సు చేస్తుంటే, 'పాపం, పిల్లకి చలెయ్యదూ!' అనుకునేదాన్ని.

1989లో మావారికి ఆఫీసులో ఎల్.టి.సి. వచ్చింది. సిమ్లా వెళదామన్నారు. ఆ మాట అన్న రోజే నేను బజారుకెళ్ళి మెరూన్ రంగు ఊలు తెచ్చుకున్నాను. అప్పట్లో ఇలాంటి వారపత్రికల్లోనే అల్లికల పేజీ వచ్చేది, గుర్తుందా? 'రెండు తిరగ, రెండు తిన్నగా' అంటూ. ఆ పేజీ చింపి గోడకి అంటించుకుని, పక్కింటి పిన్నిగారి దగ్గర సూదులు అడిగి తెచ్చుకుని, ఎండాకాలం మధ్యాహ్నాలు చేతులు చెమటకి జారిపోతుంటే రెండు స్వెటర్లు అల్లాను. మావారికొకటి, నాకొకటి. 'తెనాలిలో స్వెటరు వేసుకుంటే పిచ్చిదంటారే' అని మా అత్తగారు నవ్వేవారు.

టికెట్లు తీసుకున్నాక మా ఆడబిడ్డకి సంబంధం కుదిరింది. మంచి సంబంధం. చేతిలో ఉన్న డబ్బు, లేని డబ్బు కూడా పెళ్ళికే వెళ్ళింది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. నేనూ ఏమీ అనలేదు. 1991లో మా అమ్మాయి పుట్టినప్పుడు నా స్వెటరు విప్పేసి, ఆ ఊలుతో దానికి చిన్న కోటూ, టోపీ అల్లాను. మావారిది ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండలతో ఉండిపోయింది.

ఏమీ అనకపోవడం గొప్ప అనుకున్నాను ఆ వయసులో. కానీ అనని మాట ఎక్కడికీ పోదండీ. పప్పులో పడ్డ రాయిలాగా ఎప్పుడో ఒకప్పుడు పంటి కింద తగులుతుంది. ఆయన మర్చిపోయి గ్యాసు బుక్ చేయకపోతే, 'సిమ్లా లాగే ఇదీనూ' అనేదాన్ని. సినిమాకి ఆలస్యంగా వస్తే, 'సిమ్లాకే తీసుకెళ్ళినవాళ్ళు కాదు, సినిమా ఒక లెక్కా' అనేదాన్ని. మా ఇంట్లో సిమ్లా అంటే ఊరు పేరు కాదు, దెప్పుడు మాట. పిల్లలు కూడా నేర్చుకున్నారు. నాన్న మాటిచ్చి తప్పితే, 'అమ్మా, సిమ్లా!' అనేవారు.

సరే, అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి పురిటికని 2023 నవంబరులో అమెరికాలో డెన్వర్ వెళ్ళాం. పురుడు పోయడానికి వెళ్ళిన తల్లి అక్కడ ఏం చూస్తుందో మీకు తెలుసుగా. వంటిల్లూ, పసిపిల్ల పక్కా, బట్టలుతికే మిషనూ. కాయం ముద్దలు, వెల్లుల్లి కారం, పొట్లకాయ కూర, పాపకి నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని స్నానం... పొద్దు ఎలా గడుస్తోందో తెలిసేది కాదు. మావారికి మాత్రం పొద్దే గడిచేది కాదు. ఫోనులో తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివి, కిటికీ దగ్గర నిలబడి ఎవరింటి ముందు ఎవరు మంచు ఎత్తిపోస్తున్నారో లెక్కపెట్టేవారు. అవునండీ, మంచు అక్కడ గుమ్మంలోనే ఉంది. కానీ చెప్పుల మట్టితో కలిసి, ఉప్పు చల్లితే బురదగా మారిన ఆ మంచు నేను కలగన్న మంచులా లేదు. ఇంటి పనిలో ఇంకో పనిలా ఉంది.

జనవరిలో ఓ రోజు మా అల్లుడు, "అత్తయ్యగారూ, ఇక్కడికి రెండు గంటల దూరంలో బ్రెకెన్‌రిడ్జ్ అని ఊరుంది. ఏటా జనవరి చివర్లో అక్కడ మంచుతో శిల్పాలు చెక్కే పోటీ పెడతారు. మీరూ మామయ్యగారూ రెండు రోజులు వెళ్ళి రండి" అన్నాడు.

"రెండు నెలల పసిగుడ్డునొదిలి విహారయాత్రా! ఎవరైనా వింటే నవ్విపోతారు" అన్నాను.

మా అమ్మాయి పాపని భుజాన వేసుకుని నిలబడి, "అమ్మా, నువ్వు వెళితే నేను దీనికి స్నానం పోయడం నేర్చుకుంటాను. నువ్వుంటే ఎప్పటికీ నేర్చుకోను" అంది.

అది ప్రేమగానే అంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను లేకపోతే ఇల్లు ఆగిపోతుందనే నమ్మకం మీదే ముప్ఫై ఏడేళ్ళు నడిచాను. ఆగదు అని కూతురే చెబితే ఎలా ఉంటుందో, మీలో నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. అంటే, ఒప్పుకున్నానన్నమాట.

షటిల్ వ్యానులో బయలుదేరాం. డెన్వర్ నుంచి పడమరగా కొండల్లోకి ఎక్కుతూ పోవాలి. దారిలో ఐసెన్‌హోవర్ పేరుతో ఓ సొరంగం వస్తుంది. సముద్రమట్టానికి 11,000 అడుగుల పైన, కొండ పొట్టలోంచి రెండు మైళ్ళకి కాస్త తక్కువ పొడవున తొలిచారు. ఒక వైపు దారి 1973లో, రెండోది 1979లో తెరిచారు. అందులోంచి బయటపడేసరికి అటూ ఇటూ తెల్లటి కొండలు, నల్లటి చెట్లు, అంతే. మావారు నా చేతి మీద తట్టి, "చూశావుటోయ్" అన్నారు. చూడకుండా ఎలా ఉంటాను!

బ్రెకెన్‌రిడ్జ్ 1859లో బంగారం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు వేసిన ఊరు. ఇప్పుడు మంచు మీద జారే ఆటకి పేరుపడ్డది. ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది. రంగులేసిన పాత చెక్క ఇళ్ళు, వాటి చూరులకి వేలాడే ఐసు ఊచలు. ఊళ్ళో తిరిగే బస్సులకి టికెట్టు లేదు. అప్పటికి మన తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు మొదలై నెలన్నరైంది. "ఇక్కడ మగవాళ్ళకీ ఉచితమేనోయ్" అని మావారు భలే సంబరపడ్డారు.

శిల్పాలు చెక్కే చోటు ఊరి మధ్యలో, చిన్న ఏటి పక్కన. మేము వెళ్ళింది గురువారం మధ్యాహ్నం. సోమవారం మొదలుపెట్టిన పని శుక్రవారం పొద్దున్నకి ముగించాలిట. పన్నెండు జట్లు, వేర్వేరు దేశాలవాళ్ళు. జట్టుకొక మంచు దిమ్మ. పన్నెండడుగుల ఎత్తు, 25 టన్నుల బరువు.

ఆ దిమ్మ ఎలా చేస్తారో వింటే మీకు ముచ్చటేస్తుంది. కొండ మీద పడ్డ మంచు తవ్వుకు రారు. జారుడు ఆట కోసం యంత్రాలతో నీళ్ళని సన్నటి తుంపరగా చల్లగాలిలోకి చిమ్ముతారు, అది కింద పడేలోపే గడ్డకడుతుంది. ఆ మంచైతే ఆకూ అలమూ లేకుండా శుభ్రంగా, చిక్కగా ఉంటుంది. దాన్ని పెద్ద చెక్క చట్రంలో పోస్తుంటే, ఊరి జనం లోపలికి దిగి కాళ్ళతో తొక్కుతారు! మన కుమ్మరి మట్టి తొక్కినట్టే. పోయడం, తొక్కడం, మళ్ళీ పోయడం. తర్వాత కొన్నాళ్ళు వదిలేస్తే మంచు రేణువులు ఒకదాన్నొకటి కరుచుకుని రాయిలా అవుతాయి. అప్పుడు చట్రం విప్పుతారు.

ఇక నియమాలు. కరెంటుతో నడిచే పనిముట్లు వాడకూడదు. లోపల ఊచగానీ, తీగగానీ ఆసరాగా పెట్టకూడదు. రంగు వెయ్యకూడదు. మరి దేంతో చెక్కుతారు? చిన్న రంపాలు, ఉలులు, కోళ్ళ గూళ్ళకి కొట్టే ఇనప వల, ఇంకా... కూరగాయల చెక్కు తీసే పీలరు! నా కళ్ళతో చూశాను. ఓ పొడుగాటి పెద్దమనిషి నిచ్చెనెక్కి, మనం బీరకాయ చెక్కు తీసినంత సుతారంగా, మంచుబొమ్మ చెంప చెక్కుతున్నాడు. వలని చెక్కకి బిగించి తురుముపీటలా రుద్దితే మంచు కొబ్బరి తురుములా రాలుతోంది. "ఈ పోటీకి నేనూ పేరివ్వాల్సింది. ముప్ఫై ఏడేళ్ళ అనుభవం" అన్నాను. మావారు నవ్వలేదు. "ఇచ్చి ఉంటే బాగుండేది" అన్నారు, నిజంగానే.

ఒక దిమ్మలో మనిషి దూరేంత కన్నాలు తొలిచారు. ఒకటి పడవవుతోంది. ఒకటి, నలుగురు చెక్కుతున్నది, రెక్క చాచిన పెద్ద పక్షి. ఆ నలుగురిలో ఒకావిడ నా ఈడుది. గడ్డం దాకా దించిన టోపీ, నడుముకి పనిముట్ల సంచీ. ఆవిడ రెక్క అంచు ఎంత పల్చగా గీరుతోందంటే, ఎండ అందులోంచి లేత నీలంగా కనిపిస్తోంది.

"ఎన్నాళ్ళుంటాయిట ఇవి?" అన్నారు మావారు.

"ఐదారు రోజులు చూడనిస్తారుట. తర్వాత మెత్తబడి ఎవరి మీదైనా పడతాయని వాళ్ళే పడగొట్టేస్తారుట."

"ఐదు రోజుల ముచ్చటకి ఇంత కష్టమా!"

"పొద్దున చేసిన ఇడ్లీ మధ్యాహ్నానికి ఉంటోందా మనింట్లో? పండక్కి రెండు గంటలు కూర్చుని వేసిన ముగ్గు పాలవాడి సైకిలు వచ్చేదాకా ఉంటే గొప్ప. బతకమ్మని పేర్చిన చేతులతోనే నీళ్ళలో వదలడం లేదూ?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. నేనే కొంచెం గట్టిగా అన్నానేమో అనిపించింది.

ఇలాంటి మంచు పండగలు ఇంకా ఉన్నాయి. జపాన్‌లో సప్పొరో ఊళ్ళో 1950లో బడిపిల్లలు పార్కులో ఆరు మంచుబొమ్మలు చేశారు. అదే ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో లోకమంతా వెళ్ళి చూసే పండగైంది. చైనాలో హర్బిన్ దగ్గర సుంగారీ నది గడ్డకడితే ఆ ఐసునే దిమ్మలుగా కోసి కోటలే కడతారు. ఎక్కడైనా చివరికి కరగాల్సిందే.

సాయంత్రానికి నాకు తలనొప్పి మొదలైంది. అంత ఎత్తున గాలి పల్చగా ఉంటుంది, అలవాటు లేనివాళ్ళకి తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం మామూలేనట. మేం దిగిన గదిలో చిన్న వంటిల్లుంది. కరెంటు కుక్కరులో బియ్యం పడేసి పడుకున్నాను. లేచి చూస్తే అన్నం పలుకు! ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పలుకే. కారణం తర్వాత తెలిసింది. సముద్రమట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. అంత ఎత్తున 90కే మరిగిపోతాయి. ఎంతసేపు తెర్లినా వేడి అంతకి మించదు. అందుకని అన్నం, పప్పు ఓ పట్టాన ఉడకవు. డెన్వరులో కందిపప్పుకి రెండు కూతలు ఎక్కువ పడుతుంటే పప్పు మంచిది కాదని పాపం దాన్ని తిట్టుకున్నాను! కూత వేసే ప్రెషర్ కుక్కరైతే ఆవిరిని పట్టి ఉంచుతుంది కాబట్టి కాస్త ఆలస్యమైనా పనవుతుంది.

పులిహోర దారిలోనే అయిపోయింది. అప్పుడు మావారు లేచి, "నువ్వు పడుకుని చెప్పవోయ్, నేను ఉప్మా చేస్తాను" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన స్టవ్ ముందు నిలబడటం నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. "నూనె కాగాక ఆవాలు" అన్నాను. కాగకుండానే వేశారు. తర్వాత అవి ఒక్కసారిగా మాడాయి. రవ్వ ఉండ కట్టింది. ఉప్పు మాత్రం సరిగ్గా సరిపోయింది. ఆ ఉప్మా రెండుసార్లు వడ్డించుకున్నాను. గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగించారు. పదకొండింటికి తలనొప్పి తగ్గింది.

"చివరి రాత్రి తెల్లవార్లూ చెక్కుతారుట, చూద్దామా?" అన్నారు.

బయట సున్నాకి పదిహేను డిగ్రీలు కింద. లోపల వేసుకునేవి, పైన వేసుకునేవి, సాక్సు మీద సాక్సు... నేను తయారవుతుంటే మావారు పెట్టె అడుగు నుంచి ఓ పాలిథిన్ కవరు తీశారు. విప్పగానే గదంతా కలరా ఉండల వాసన. మెరూన్ స్వెటరు!

ముప్ఫై అయిదేళ్ళ నాటిది. తెనాలిలో ట్రంకుపెట్టెలోంచి నాకు తెలియకుండా తీసి, విమానమెక్కించి, రెండు నెలలు దాచి తెచ్చారు. వేసుకున్నారు. పైరెండు గుండీలు పట్టాయి, కింది మూడూ పట్టలేదు. బొజ్జ దగ్గర తెరుచుకునే ఉంది. అలాగే దాని మీద అల్లుడి కోటు వేసుకున్నారు. నేను నవ్వాను. నవ్వు మధ్యలో ఏదో అయింది, కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

అక్కడ దీపాల వెలుగులో పని జోరుగా సాగుతోంది. నోళ్ళలోంచి పొగలు. అందరి కాళ్ళ కింద తెల్లటి తురుము గుట్టలు. మేము పక్షి దగ్గర నిలబడ్డాం. అర్ధరాత్రి దాటి ఉంటుంది. పెద్ద చప్పుడేం కాలేదు, పరుపు మీద దిండు పడ్డట్టు దబ్బుమంది. రెక్క! ఆవిడ పల్చగా గీరుతున్న రెక్క సగానికి విరిగి కిందపడి పొడైపోయింది. అదృష్టం, ఎవరి మీదా పడలేదు.

నలుగురూ అలాగే నిలబడిపోయారు. చూసే జనంలో ఎవరో 'అయ్యో' అన్నట్టు శబ్దం చేశారు. నాలుగు రోజుల కష్టం. ఇంకో తొమ్మిది గంటల్లో గడువు. ఆవిడ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి ఏదో తాగింది. ఒకరినొకరు ఏమీ అనుకోలేదు, నేను అదే చూస్తూ ఉన్నాను. మనమైతే 'నేను అప్పుడే చెప్పాను' అనమూ! ఓ పావుగంటయ్యాక ఆవిడ లేచి, మిగిలిన మొండి రెక్కని అరచేత్తో తడిమింది. తర్వాత వల బిగించిన చెక్క తీసుకుని గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది.

అప్పుడన్నారు మావారు, అటే చూస్తూ. "సిమ్లాకి అప్పు చేసైనా తీసుకెళ్ళాల్సింది."

ఈ మాట కోసం నేను ముప్ఫై అయిదేళ్ళు కాచుక్కూర్చున్నాను. వస్తే ఏమనాలో కూడా ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాను. తీరా వచ్చాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"పెళ్ళి అప్పే తీరడానికి ఆరేళ్ళు పట్టింది. దాని మీద ఇదొకటా" అన్నాను.

"నువ్వు అడగలేదు."

"అడగాలా? రెండు స్వెటర్లు అల్లుకుని కూర్చున్నదాన్ని."

ఆయన కాసేపు ఊరుకున్నారు. "తెలుసు. నువ్వు అడగకపోతే బాగుండునని అనుకున్నాను. అడగలేదు. బతికాననుకున్నాను" అన్నారు.

ఇంత నిజం మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదండీ. కోపం రావాలి నిజానికి. కొంచెం వచ్చింది కూడా. కానీ నేనూ ఒకటి ఒప్పుకోవాలి. అప్పుడు అడిగి, పోట్లాడి, ఏడ్చి ఉంటే అప్పటితో తీరిపోయేది. అడక్కుండా మంచిదాన్ననిపించుకుని, ఆ మంచితనానికి ముప్ఫై అయిదేళ్ళు వడ్డీ వసూలు చేశాను, దెప్పుళ్ళ రూపంలో. ఆయన బాకీ ఎంతో, నేను రాబట్టింది ఎంతో లెక్క వేస్తే, ఎవరికెవరు ఇవ్వాలో చెప్పడం కష్టం.

చలికి నిలబడలేక గదికి వచ్చేశాం. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. పక్షి రెక్క చాచుకుని లేదు. ఒక రెక్క ఎత్తి, రెండోది ఒంటికి దగ్గరగా ముడుచుకుని, గూట్లో కుదురుకుంటున్నట్టుంది. రాత్రి సంగతి తెలియనివాళ్ళు మొదటి నుంచీ అలాగే అనుకున్నారనే అనుకుంటారు. బంగారు, వెండి, కాంస్యం, మూడు పతకాల్లో ఒక్కటీ దానికి రాలేదు. మా ఇద్దరి లెక్కలో మాత్రం మొదటిది అదే. ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పాలనుకున్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో 'వెరీ నైస్' అన్నాను. ఆవిడ నవ్వి, చేతి గ్లవ్ తీసి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి కూడా నాదిలాగే, కాయలు కాసి ఉంది.

శనివారం ఇంటికొచ్చేసరికి పాప బొద్దుగా, నూనె మెరుపుతో నిద్రపోతోంది. కుంకుడుకాయ కళ్ళల్లో పడనీయకుండానే తలంటిందిట మా అమ్మాయి. "నీకంటే తక్కువ ఏడిపించాను" అంది గర్వంగా. నాకు రవంత గుచ్చుకుంది, ఎక్కువ సంతోషమేసింది.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి అటు వెళుతుంటే నాలుగు మాటలు. అంత ఎత్తైన ఊళ్ళకి వెళ్ళేటప్పుడు గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరుని అడగాలి. మొదటి రోజు ఎక్కువ నడవకండి, దాహం లేకపోయినా నీళ్ళు తాగండి. తలనొప్పి తగ్గకుండా వాంతులు, ఆయాసం పెరిగితే పంతానికి పోకుండా కిందికి దిగిపోవాలి. ఒకటే మందపాటి కోటు కన్నా పల్చటివి మూడు, ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వెచ్చగా ఉంటుంది. లోపలిది నూలుది వద్దు, చెమటకి తడిసి ఆరదు. మంచు మీద ఎండ కళ్ళు చెదరగొడుతుంది, నల్లద్దాలు మర్చిపోవద్దు. కొబ్బరినూనె సీసాలో రాయైపోతుంది, పెదాలకీ మడమలకీ వ్యాజలీన్ పట్టుకెళ్ళండి. తినడానికి పులిహోర, వేయించిన రవ్వ, అటుకులు ఉత్తమం. బియ్యం తీసుకెళితే చిన్న ప్రెషర్ కుక్కరు కూడా తీసుకెళ్ళండి.

అంత దూరం వెళ్ళే వీలు అందరికీ ఉండదు. ఉండక్కర్లేదు కూడా. మన లంబసింగి ఉంది, డిసెంబరు, జనవరుల్లో తెల్లవారేసరికి మబ్బులు కాళ్ళ దగ్గరుంటాయి. అదీ కాకపోతే సూర్యలంక సముద్రం ఉంది. ఎక్కడికన్నది కాదు, మీ ఇద్దరే వెళ్ళండి. 'బాధ్యతలు తీరాక' అనుకుంటే అవి తీరవు. తీరేసరికి స్వెటరు గుండీలు పట్టవు. వెళ్ళాలని ఉంటే మీలో మీరు అల్లుకుంటూ కూర్చోకండి. నోరు తెరిచి అడగండి. కాదంటే అప్పుడే పోట్లాడండి, తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు దెప్పడం కన్నా అదే చవక.

స్వెటరు మళ్ళీ ట్రంకుపెట్టెలోకి వెళ్ళలేదు. డెన్వరులో ఉండగానే విప్పేశాను. ఊలు గట్టిదే, ఎక్కడా చివకలేదు. పాపకి కోటూ, టోపీ అయ్యాయి. మిగిలిన ఉండ నా పెట్టెలో ఉంది. ఈసారి మావారు గ్యాసు బుక్ చేయడం మర్చిపోతే ఏమనాలో మాత్రం ఇంకా తోచలేదు. పాత మాట ఇక పనికిరాదుగా.